హెల్మెట్ ముందు ప్యాడ్ తీసేయనా అని అడిగిన తమ్ముడికి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. రెండు నెలల కింద కొత్త బీపీ (బుల్లెట్‌ప్రూఫ్) హెల్మెట్ ఇచ్చారని, ఆర్‌ఓపీలో, అంటే బలగాల బండ్లు వెళ్లే ముందు రోడ్డు తనిఖీ చేసే డ్యూటీలో, రెండు గంటలు గడిచేసరికి నుదురు పగిలిపోతున్నట్టు నొప్పి వస్తోందని, పడుకుని పొజిషన్ తీసుకోగానే హెల్మెట్ కళ్ళ మీదికి దిగి రైఫిల్ సైటు కనపడటం లేదని రాశావు. బారక్‌లో ఒక సీనియర్ "ముందు ప్యాడ్ పీకెయ్, హాయిగా ఉంటుంది" అన్నాడట. పీకేయనా అని అడిగావు.

పీకొద్దు. ముందు ఈ మాట గట్టిగా పట్టుకో, మిగతాది నింపాదిగా చదువు.

నాది సిరొంచ తాలూకాలో అంకీస. కేంద్ర బలగంలో 23 ఏళ్లు చేసి హవల్దార్‌గా దిగాను. ఎక్కువ కాలం మహారాష్ట్రలోని మన గడ్చిరోలి జిల్లాలోనే గడిచింది, కొన్నాళ్లు ఒడిశాలో మల్కన్‌గిరి వైపు ఉన్నాను. చివరి ఐదేళ్లు స్టోర్‌లో పనిచేశాను. కొత్తగా వచ్చిన పిల్లల తలకు హెల్మెట్ సరిచేసి పంపడం నా డ్యూటీలో భాగం. ఎవరూ అడగకపోయినా కూర్చోబెట్టి చేసేవాణ్ణి. ఎందుకంటే నువ్వు చేద్దామనుకుంటున్న పనే ఒకప్పుడు నేను చేశాను. నుదుటి నొప్పి భరించలేక ముందు ప్యాడ్ తీసి జేబులో పెట్టుకున్నాను. భామ్రాగఢ్ వైపు ఒక వాగు దాటుతుంటే పాచి పట్టిన బండ మీద కాలు జారి ముందుకు పడ్డాను. హెల్మెట్‌కు గీత కూడా పడలేదు. కానీ దాని గట్టి అంచు నేరుగా నుదుటికి కొట్టుకుని చర్మం చీలింది. ఆ రోజంతా కళ్ళు తిరిగాయి, రెండుసార్లు వాంతి అయింది. తూటా లేదు, బాంబు లేదు, ఉత్త బండరాయి. ప్యాడ్ ఉండి ఉంటే లేచి దులుపుకుని నడిచేవాణ్ణి.

హెల్మెట్ అంటే పైన కనిపించే చిప్ప అనుకుంటాం. సగం పని లోపలి ప్యాడ్లదే. చిప్ప కెవ్లార్ లాంటి అరామిడ్ నారతోనో, పాలిథిలీన్ నారతోనో పొరలు పొరలుగా వేసి నొక్కి చేస్తారు. బాంబు ముక్క వచ్చి తగిలినప్పుడు ఆ పొరలు సాగి, దాని వేగాన్ని మింగేస్తాయి. అలా మింగేటప్పుడు చిప్ప లోపలి వైపుకు ఒక్క క్షణం ఉబ్బుతుంది. ఆ ఉబ్బు పుర్రెకు తగలకుండా ఉండాలంటే తలకూ చిప్పకూ మధ్య ఖాళీ ఉండాలి. ఆ ఖాళీని నిలబెట్టేది ప్యాడ్లే. ప్యాడ్ తీసినచోట చిప్ప తలకు ఆనుకుని ఉంటుంది. అప్పుడు ముక్క చిప్పలో ఆగినా, ఉబ్బిన చిప్పే పుర్రెను కొడుతుంది.

ఇంకో మాట కూడా మనసులో పెట్టుకో. మామూలుగా ఇచ్చే ఫైబర్ హెల్మెట్ల రక్షణ ఎక్కువగా 3ఏ లెవెల్. అంటే 9 ఎంఎం పిస్టల్ తూటా, గ్రెనేడ్, ఐఈడీ (నాటు బాంబు) ముక్కలు, రాళ్ల వరకు. దగ్గర నుంచి నేరుగా వచ్చే ఏకే-47 తూటాను ఆపుతుందని నమ్ముకోవద్దు. పాత రోజుల్లో వాడిన బీపీ పట్కా వేరే రకం. అది ఉక్కు రేకులకు గుడ్డ తొడిగినది, రెండున్నర కిలోల దాకా బరువు ఉండేది, నడినెత్తికి కాపు తక్కువ. దాన్ని రోజంతా మోసిన వాళ్ళకు ఇప్పుడొచ్చే కిలోన్నర హెల్మెట్ ఎంత సుఖమో తెలుస్తుంది. మన అడవిలో తలకు వచ్చే ప్రమాదం ఎక్కువగా మందుపాతర పేలినప్పుడు ఎగిరే మట్టి, రాళ్లు, రేకు ముక్కలు, బండి ఎగిరిపడి తల కప్పుకు కొట్టుకోవడం. వీటన్నిటిలో చిప్ప ఎంత అవసరమో ప్యాడ్ అంతే అవసరం.

ఇక పని మొదలుపెడదాం. డ్యూటీ లేని పూట ఒక గంట తీసుకో. ఒక కొలత టేపు, అద్దం, పక్కన ఒక జోడీదార్ ఉంటే చాలు.

మొదట సైజు. టేపును కనుబొమ్మల పైన, చెవుల పైన, వెనక తల బాగా ఉబ్బెత్తుగా ఉన్నచోట మీదుగా చుట్టి కొలువు. ఎప్పుడూ ఉంచుకునేంత జుట్టుతోనే కొలువు. చుట్టుకొలత ఒక్కటీ చాలదు. నుదురు నుంచి వెనక్కి పొడవెంత, చెవి పై నుంచి చెవి పైకి వెడల్పెంత అన్నది కూడా చూడాలి. ఒకే చుట్టుకొలత ఉన్న ఇద్దరిలో ఒకరి తల గుండ్రంగా, ఇంకొకరిది కోలగా ఉండొచ్చు. కోల తలకు నుదురు, వెనక తల నొప్పి పెడతాయి. గుండ్రటి తలకు కణతలు నొప్పి పెడతాయి. నీది కోల తల అయి ఉంటుందని నా అనుమానం. హెల్మెట్ సైజు చిప్ప లోపల రాసి ఉంటుంది. ప్యాడ్లన్నీ తీసి ఖాళీ చిప్ప నెత్తిన పెట్టుకో. అప్పుడే పక్కలు గానీ నుదురు గానీ తగులుతుంటే అది నీకు చిన్నది. దాన్ని ఏ సర్దుబాటూ బాగుచేయదు. స్టోర్‌కు వెళ్లి మార్చమని అడుగు. మొహమాటపడకు. ఇచ్చినదే వేసుకోవాలి అనుకుని నోరు మూసుకున్న పిల్లల్ని చాలామందిని చూశాను. రాతపూర్వకంగా అడిగితే ఎక్కువసార్లు మారుస్తారు.

సైజు సరిగ్గా ఉంటే ప్యాడ్లు. మామూలుగా ఏడు ఉంటాయి: నడినెత్తికి గుండ్రంది ఒకటి, ముందు ఒకటి, వెనక ఒకటి, పక్కలకు కోలవి నాలుగు. మెత్తటి బట్ట వైపు తలకు, రెండో వైపు వెల్క్రోకు. మొదట నడినెత్తి ప్యాడ్ అతికించు, ఎందుకంటే హెల్మెట్ ఎంత ఎత్తులో కూర్చోవాలో అదే తేలుస్తుంది. తర్వాత ముందుది. ముందు ప్యాడ్ కింది అంచు చిప్ప అంచుతో సమంగా గానీ, వెంట్రుకవాసి కిందికి గానీ ఉండాలి. పైకి ఉంటే చిప్ప అంచే నుదుటికి కోసుకుంటుంది. తర్వాత వెనకది, చివర పక్కలవి. ప్యాడ్‌కూ ప్యాడ్‌కూ మధ్య కొంచెం సందు వదులు, గాలి ఆడాలి.

ఇప్పుడు పెట్టుకుని పదిహేను నిమిషాలు అలాగే ఉండు. చాలామంది పెట్టుకోగానే "బిగుతుగా ఉంది" అని తీసేస్తారు. ప్యాడ్లలో ఉన్న స్పాంజి ఒంటి వేడికి మెత్తబడుతుంది. డిసెంబర్ తెల్లవారుజామున ప్రాణహిత ఒడ్డున డ్యూటీ ఎక్కినప్పుడు రాయిలా ఉన్న ప్యాడే మధ్యాహ్నానికి దూదిలా ఉంటుంది. అందుకే చలిలో ఒకలా, ఎండలో ఒకలా అనిపించడం మామూలే. ఉదయపు చలిలో సరిచేసుకున్నది మధ్యాహ్నం వదులవుతుంది, అప్పుడు పట్టీ ఒక్క లాగు లాగితే చాలు. ప్యాడ్లను కదిలించకు.

ఎత్తు సరిగ్గా ఉందా అన్నది అద్దంలో చూడు. ముందు అంచు కనుబొమ్మల పైన అర అంగుళం దాకా ఉండాలి, నేలకు సమాంతరంగా ఉండాలి. తల కదపకుండా కళ్ళు మాత్రం పైకెత్తితే అంచు కనపడాలి. కనపడకపోతే హెల్మెట్ మరీ వెనక్కి, పైకి పోయిందని అర్థం. అలా నుదురు బయటపెట్టి పెట్టుకోవడం మనవాళ్ళలో ఒక అలవాటు. చల్లగా ఉంటుందంటారు. కానీ ముందు నుంచి వచ్చే ముక్కకు మొదట తగిలేది ఆ నుదురే. మరీ కిందికి దిగితే నడినెత్తికి కొంచెం మందం ప్యాడ్ వేయాలి. ముప్పావు అంగుళంవి, అంగుళంవి అని రెండు మందాల్లో ప్యాడ్లు వస్తాయి. మీ స్టోర్‌లో రెండూ ఉన్నాయేమో అడుగు.

నీ హెల్మెట్‌లో ప్యాడ్లు కాకుండా పట్టీల జాలీ ఉంటే తలచుట్టు పట్టీ బిగింపుతోనే సరిచేయాలి. వెనక తిప్పే నాబ్ ఉన్న రకమైతే నాబ్‌తో సరిచేయాలి. నాబ్‌ను ఎప్పుడూ హెల్మెట్ తలకెక్కాక తిప్పు. ముందే బిగించి తలను బలవంతంగా లోపలికి దూర్చకు. నువ్వు ప్యాడ్ అన్నావు కాబట్టి మిగతాది ప్యాడ్ల లెక్కలోనే చెబుతాను.

నుదుటి నొప్పి సంగతి. రెండు గంటలు వేసుకుని తీసేసిన వెంటనే అద్దంలోనో ఫోన్ కెమెరాలోనో నుదురు చూసుకో. ఎర్రటి అచ్చు ఎక్కడ పడిందో అదే నీకు జవాబు. నుదుటి నడుమ రూపాయి బిళ్ళంత అచ్చు పడిందా? అయితే బరువంతా ముందు ప్యాడ్ ఒక్కటే మోస్తోంది. దాన్ని తీయకుండా, దాని రెండు పక్కలా ఉన్న కోల ప్యాడ్లను ముందుకు జరుపు, దాదాపు దానికి ఆనేదాకా. అప్పుడు బరువు మూడు ప్యాడ్ల మీద పరుచుకుంటుంది. కోల తలలకు నూటికి తొంభైసార్లు ఇదే మందు. అచ్చు నుదుటి మీద అడ్డగీతలా పడితే అది ప్యాడ్ కాదు, చిప్ప అంచు. ముందు ప్యాడ్‌ను కిందికి దించు. కణతల మీద పడితే పక్క ప్యాడ్లను వెనక్కి జరుపు, లేదా సన్నవి వేయి. కళ్ళద్దాలుంటే వాటి కాడ మీద ప్యాడ్ పడకుండా ఒక వేలు మందం పైకి జరపాలి, లేకపోతే చెవి పైన పుండు పడుతుంది. నడినెత్తిన నొప్పి అంటే చిన్‌స్ట్రాప్ మరీ లాగేశావు. మెడ వెనక నొప్పి అంటే ముందు బరువెక్కువ: నైట్ విజన్, లైటు లాంటివి ముందు బిగించినప్పుడు అలా అవుతుంది. వెనక కొంచెం ప్రతిబరువు పెట్టాలి, పని అయిపోగానే ముందున్నవి తీసి పౌచ్‌లో పెట్టుకోవాలి.

అచ్చు ఏమీ లేకుండా తల మొత్తం దిమ్ముగా ఉంటే హెల్మెట్‌ను తిట్టకు. నీళ్లు తాగలేదన్నమాట. సిరొంచలో మే నెలలో 45 డిగ్రీలు దాటే ఎండలో ఒక సీసా నీళ్లతో ఆర్‌ఓపీ చేస్తే ఎవరికైనా తల పగిలిపోతుంది. ఉప్పు, పంచదార కలిపిన నీళ్లో, ఓఆర్‌ఎస్ పొట్లమో వెంట ఉంచుకో. తలనొప్పితో పాటు చెమట ఆగిపోయినా, మాట తడబడినా ఆలోచించకుండా కమాండర్‌కు చెప్పు, అది వడదెబ్బ.

చెమట కోసం కొందరు తువ్వాలు మడిచి హెల్మెట్ లోపల పెడతారు. అది పెట్టిన క్షణంలో నువ్వు గంట కూర్చుని సరిచేసిందంతా పోతుంది, హెల్మెట్ పైకి లేచి ఊగుతుంది. సన్నటి నూలు టోపీ ఒకటి చాలు. కానీ ఫిటింగ్ కూడా ఆ టోపీ పెట్టుకునే చేసుకోవాలి.

ఇక పట్టీలు. నాలుగు వైపుల నుంచి వచ్చే పట్టీలలో వెనక మెడ దగ్గరి పట్టీ అన్నిటికన్నా ముఖ్యం, దాన్నే అందరూ వదిలేస్తారు. గడ్డం కింది బకిల్ బిగిస్తే పని అయిపోయిందనుకుంటారు. మొదట మెడ పట్టీ బిగించు. అది వెనక తల ఉబ్బు కింద, మెడ గుంట పైన కూర్చోవాలి. బకిల్ పెట్టకుండానే తల వంచి చూడు, హెల్మెట్ ముందుకు దొర్లిపోకూడదు. తర్వాత పక్క పట్టీలు చెవికి అటూ ఇటూ వచ్చి చెవి తమ్మె కింద కలిసేలా సర్దు. చివర బకిల్ పెట్టి, గడ్డం కింద ఒక వేలు దూరేంత ఉంచు. నోరు బాగా తెరిచి చూడు: హెల్మెట్ కిందికి లాగుతున్నట్టు అనిపించాలి. బకిల్ ఎటు వైపు వస్తుందో కూడా చూసుకో. రైఫిల్ బట్‌కు చెంప ఆనించే వైపు బకిల్ ఉంటే ప్రతిసారీ గుచ్చుకుంటుంది. మార్చే వీలున్న రకమైతే రెండో వైపుకు మార్చు.

అంతా అయ్యాక హెల్మెట్‌ను రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పు. నుదుటి చర్మం దానితో పాటు కదలాలి. చర్మం నిలబడి హెల్మెట్ ఒక్కటే తిరిగితే వదులు.

నీ రెండో బాధ, పడుకున్నప్పుడు కళ్ళ మీదికి దిగడం. దీనికి హెల్మెట్‌ను ఒక్కదాన్నే నిందించడం తప్పు. బీపీ జాకెట్, పిట్టు (వీపు మీది సంచి) తీసేసి, ఉత్త హెల్మెట్‌తో బారక్ నేల మీద పడుకుని పొజిషన్ తీసుకో. అప్పుడు కూడా దిగుతోందా? అయితే మెడ పట్టీ వదులు, లేదా హెల్మెట్ పెద్దది. అప్పుడు దిగట్లేదా? అయితే దోషం జాకెట్‌ది. పడుకుని తల ఎత్తినప్పుడు మెడ వెనక్కి వంగుతుంది. జాకెట్ వెనక ప్లేటు మరీ పైకి ఉంటే హెల్మెట్ వెనక అంచు దానికి తగులుతుంది, తగిలి ముందుకు తోసుకుంటుంది. నిజానికి హెల్మెట్ దిగడం లేదు, జాకెట్ దాన్ని తోస్తోంది. నేను స్టోర్‌లో చూసిన వాళ్ళలో ఎక్కువమందిది ఇదే తంటా.

దానికి జాకెట్ భుజాల పట్టీలు సర్దు. ముందు ప్లేటు పై అంచు గొంతు కింద రెండు ఎముకల మధ్య గుంట దగ్గరికి రావాలి, అంతకన్నా పైకి వద్దు, మరీ కిందికీ వద్దు. వెనక ప్లేటు దాదాపు దానికి సమంగా ఉంటే చాలు. కొందరు భుజం పట్టీలను వెనక ఎక్కువ లాగేసుకుంటారు, అందుకే వెనక ప్లేటు మెడ దాకా ఎక్కుతుంది. తర్వాత పిట్టు. పైన చుట్టిపెట్టిన దుప్పటి, రెయిన్‌కోటు మెడ వెనక గుట్టలా నిలబడితే అదే హెల్మెట్‌ను తోస్తుంది. ఆ సామాను కిందికి మార్చు. ఇవన్నీ చేశాక మళ్ళీ పూర్తి సామానుతో పడుకో, రైఫిల్ భుజానికి ఆనించి సైటులో చూడు, ఎడమకు, కుడికి దొర్లు, లేచి పది అడుగులు పరిగెత్తి మళ్ళీ పడుకో. సైటు ప్రతిసారీ కనపడాలి. జోడీదార్‌ను పక్క నుంచి ఫోన్‌లో వీడియో తీయమను. జాకెట్ ఎక్కడ తగులుతోందో నీ కళ్ళతో నువ్వే చూస్తావు. నేను మాటల్లో ఎంత చెప్పినా ఆ వీడియో అంత స్పష్టంగా ఉండదు.

చెవులకు పెట్టుకునే కమ్యూనికేషన్ హెడ్‌సెట్ ఇస్తే మళ్ళీ మొదటి నుంచి సర్దుకోవాలి. చెవులు కప్పే పాత కోత హెల్మెట్ కింద అది ఇరుకవుతుంది. చెవి పైన కోసిన హై-కట్ రకంలో సులువుగా పడుతుంది.

పడవ గురించి ఒక మాట చెప్పాలి. మన దగ్గర ప్రాణహిత, ఇంద్రావతి ఉన్నాయి. మల్కన్‌గిరిలో బలిమెల జలాశయం ఉంది. 2008 జూన్ 29న ఆ జలాశయంలో లాంచీ మీద మావోయిస్టులు చేసిన దాడిలో 38 మంది పోయారు, వాళ్ళలో ఎక్కువమంది మన తెలుగు పిల్లలు, గ్రేహౌండ్స్ వాళ్ళు. 2018లో గురుప్రియ వంతెన వచ్చాక అక్కడ పడవ అవసరం తగ్గింది కానీ మనకు వానాకాలంలో ఇంకా ఎక్కక తప్పదు. లోతు నీళ్లు దాటేటప్పుడు చిన్‌స్ట్రాప్, జాకెట్ తాళ్లు ఒక్క లాగుతో ఊడిపోయేలా ఉండాలి. ఎప్పుడు వదులు చేయాలో కమాండర్ చెబుతాడు. కానీ కళ్ళు మూసుకుని, తడి చేత్తో, ఒంటి చేత్తో బకిల్ విప్పడం నువ్వు ముందే నేర్చుకుని ఉండాలి. ఒడ్డు ఎక్కగానే మళ్ళీ బిగించు. బండిలో మాత్రం ఎప్పుడూ బిగించే ఉండాలి. ఆలపల్లి రోడ్డు సంగతి నీకు తెలుసు.

సంరక్షణ పెద్ద కష్టం కాదు. ప్యాడ్లు తీసి, సబ్బు నీళ్లలో పిండి, నీడన ఆరబెట్టు. చిప్పను తడిగుడ్డతో తుడువు. పెట్రోలు, థిన్నర్ ముట్టనివ్వకు, సొంతంగా పెయింటు వేయకు. ఎండలో జీపు డ్యాష్‌బోర్డు మీద, పొయ్యి పక్కన పెట్టకు, ముఖ్యంగా పాలిథిలీన్ రకానికి వేడి పడదు. దాని మీద కూర్చోకు. నెలకోసారి అంచు రబ్బరు ఊడిందా, పెయింటు కింద పగులు ఉందా, బోల్టులు వదులయ్యాయా చూడు. వేలి గణుపుతో చుట్టూ తట్టు. ఒకచోట శబ్దం తేడాగా, బోలుగా వస్తే ఆర్మరర్‌కు (ఆయుధాలు బాగుచేసే అతనికి) చూపించు. బోల్టు పోతే బజారులో కొన్నది బిగించకు. హెల్మెట్ బోల్టులు దానికోసమే చేసినవి, మామూలు బోల్టు దెబ్బకు ఊడి లోపలికి ఎగరొచ్చు. లైటు పెట్టుకోవడానికని చిప్పకు రంధ్రం అసలే చేయకు. తూటా గానీ ముక్క గానీ ఒకసారి తగిలిన హెల్మెట్ పైకి బాగానే కనిపించినా అప్పగించి వేరేది తీసుకో.

సెలవులో ఇంటికి వెళ్లినప్పుడు బండి మీద అదే పెట్టుకుని తిరిగే పిల్లలున్నారు. వద్దు. రోడ్డు మీద పడ్డప్పటి దెబ్బ వేరు, దానికి ఐఎస్ 4151 గుర్తున్న బైకు హెల్మెట్ వేరే ఉంది.

ఆదివారం ఈ పని పెట్టుకో. తల చుట్టుకొలత, పొడవు, వెడల్పు సెంటీమీటర్లలో రాయి, ఎర్రటి అచ్చు ఎక్కడ పడిందో చెప్పు, జాకెట్ లేకుండా పడుకుంటే ఏమైందో చెప్పు. ఏ ప్యాడ్ ఎటు జరపాలో నేను అప్పుడు సరిగ్గా చెప్పగలను. అప్పటిదాకా ముందు ప్యాడ్ ఉన్నచోటే ఉండనివ్వు.